మూడో చూపు

ఆ ఏడు వానలతో పాటే మా పరిశోధన కేంద్రంలోకి ఐదుగురు యువ శాస్త్రవేత్తలు దిగబడ్డారు. గేటుకు కట్టిన గుడ్డ మీద "ఆఫ్రికా రేపటి శాస్త్రవేత్తలకు స్వాగతం" అని రాయించారు. మొదటి వానకే ఆ రంగంతా కారి వాచ్‌మన్ నెత్తిన పడింది. వచ్చినవాళ్లలో ఒకడు తెల్లకోటు జేబు మీద తన పేరు బంగారు దారంతో కుట్టించుకున్నాడు. ఇంకొకడు రెండు కళ్లతో చూసే మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఏ కన్ను మూసుకోవాలని నన్నడిగాడు. వీళ్లకు అంటువ్యాధుల గురించీ టీకాల గురించీ నాలుగు నెలలు నేర్పి, చివర్లో చేతిలో ఓ పట్టా పెట్టి పంపడం మా ప్రొఫెసర్ గారు చెప్పుకునే గొప్ప. నేర్పేది మేము, ఫొటో దిగేది ఆయన.

నాకు డిగ్రీ లేదు. ఇరవై మూడేళ్లుగా గాజు పలకల మీద ఎండిన రక్తపు చుక్కల్ని చూస్తున్నాను. మలేరియా పురుగు ఉందా, లేదా, ఉంటే ఎన్ని? అంతే నా చదువు. ఆ ఏడు నదికి అవతల మూడు ఊళ్ల పిల్లల పలకలు వచ్చేవి. కొందరికి కొత్త టీకా వేశారు, కొందరికి పోల్చి చూడడానికి ఏ గుణమూ లేని ఉత్త మందు. ఎవరికి ఏది వేశారో మాకెవరికీ తెలియదు. ఒక్కో పలకను ఇద్దరు విడివిడిగా చూడాలి. మొదటివాళ్లు ఏం రాశారో రెండోవాళ్ల కంట పడకూడదు. ఇద్దరి మాటా కలవకపోతే ఆ పలక నా బల్ల మీదికి వస్తుంది. దాన్ని మూడో చూపు అంటాం. మూడో చూపు తర్వాత ఇంక వాదన లేదు. నా మాటకు ఎదురులేని చోటు ఈ భూమ్మీద అదొక్కటే కాబట్టి దాని గురించి నాకు కాస్త పొగరుండేదని ఒప్పుకుంటాను.

ప్రొఫెసర్ జుమానా ట్రావొరే పారిస్‌లో చదివి వచ్చినవాడు. ఆయన కనిపిస్తే కేంద్రమంతా లేచి నిలబడేది. నేను లేచేదాన్ని కాదు, ఎందుకంటే మా ఇంటిపేరు దియారా. దియారాలకూ ట్రావొరేలకూ తాతముత్తాతల నాటినుంచీ వేళాకోళపు చుట్టరికం. ఒకరినొకరు ఎంత మాటైనా అనొచ్చు. పడ్డవాడు కోపం తెచ్చుకోకూడదు, తెచ్చుకుంటే పదిమందిలో నవ్వులపాలవుతాడు. వాడు మంత్రి అయినా సరే.

"ఏరా అలసందల తిండిపోతా, ఇప్పుడా రావడం? కడుపుబ్బరమా?" అనేదాన్ని కూర్చున్నచోటు నుంచే.

"నోర్ముయ్యవే నా బానిసా. ఈ పొట్టే లేకపోతే నీకు తిండెక్కడిదే?" అనేవాడు ఆయన.

అలసందలు తినడం అంత నేరం ఎందుకైందో ఎవరికీ తెలియదు, తినడం మేమూ తింటాం. కానీ ఆ మాట అనగానే అందరూ నవ్వేవాళ్లు, అందరికంటే గట్టిగా ఆయన నవ్వేవాడు. ఆ మనిషి మొహం మీద నిజం చెప్పగలిగింది ఈ కేంద్రంలో నేనొక్కదాన్నేనని ఇరవై మూడేళ్లు మురిసిపోయాను.

హాస్టల్లో గది చాలక ఐదుగురిలో ఒకమ్మాయిని మా ఇంటికి తోలారు. మా ఆయన నూహుమ్ ప్రొఫెసర్ కారు నడిపేవాడు. ఆయన అడిగీ అడగకముందే ఈయన తల ఊపేసి, ఆ తర్వాత నాకు చెప్పాడు. చాద్ దేశపు పిల్ల, పేరు దెనెమాజి. సన్నగా, పొడుగ్గా ఉండేది. తిన్న కంచం తనే కడిగేది, రెండో రోజునుంచే నన్ను పిన్నీ అనేది. ఒక పలక చూడడానికి పావుగంట తీసుకునేది. పట్టా తీసుకునేలోపు తల నెరుస్తుందని ఎద్దేవా చేస్తే, "నెరిస్తే రంగేసుకుంటా పిన్నీ" అని మళ్లీ మైక్రోస్కోపు మీద వంగేది. ఆ పిల్ల మీద నాకు పెద్ద అభిప్రాయం ఏమీ లేదు.

ఆగస్టులో పలకలు వచ్చిపడ్డాయి. వారానికి ఆరువందలు. ప్రొఫెసర్ గారు వచ్చి మా గది మధ్యలో నిలబడి, కుప్పను చూసి పెదవి విరిచాడు.

"ఇలాగైతే పండగ దాకా తెమలదు. ఇద్దరిద్దరు కలిసి కూర్చోండి. మాట కలుపుకుని రాయండి. కొత్తవాళ్లు ఫుసేని పక్కన కూర్చుంటే చేయి తిరుగుతుంది."

ఫుసేని ఆయన మేనల్లుడు. పురుగు లేదని రాయాలంటే చుక్కలో కనీసం నూరు చోట్ల వెతకాలి, పది నిమిషాలైనా పడుతుంది. ఫుసేని రెండు నిమిషాల్లో 'లేదు' అని రాసి పక్కన పడేసేవాడు, మిగతా టైం ఫోన్లో ఫుట్‌బాల్ చూసేవాడు. ఆ రేపటి శాస్త్రవేత్తలు అతని కాగితం చూసి తమ కాగితంలో దించుకునేవాళ్లు. బంగారు దారం వాడైతే మైక్రోస్కోపు దీపం కూడా వెలిగించేవాడు కాదు.

"ఒరే ట్రావొరే, మీ వంశానికంతటికీ కలిపి ఒకటే కన్నట్రా? దాన్నే అద్దెకిస్తున్నావా? ఇవి పలకలు కావు, దొంగలెక్కలు" అన్నాను.

గదంతా గొల్లుమంది. ప్రొఫెసర్ కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. దెనెమాజి ఒక్కతే నవ్వలేదు.

ఆ సాయంత్రం జొన్న సంకటీ బెండకాయ పులుసూ ముందు పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం.

"పిన్నీ, పొద్దున మీరన్నది నిజమా?" అంది.

"ఏది?"

"దొంగలెక్కలని."

"అది వేళాకోళం తల్లీ. మీ దేశంలో నవ్వుకోరా?"

"నవ్వుకుంటాం. నిజమా, కాదా అని అడుగుతున్నా."

నూహుమ్ కలగజేసుకున్నాడు. "ఇక్కడ దియారా నోటితో ట్రావొరేని ఏమన్నా తప్పు లేదమ్మా."

"తప్పనడం లేదు బాబాయ్. నిజమా అంటున్నా."

"సంకటి చల్లారిపోతోంది, తిను" అన్నాను నేను. వేళాకోళం అర్థం కాని మనుషులంటే నాకు మొదటినుంచీ చిన్నచూపు. ఎంత చదివినా బండతనం పోలేదనుకున్నాను.

సెప్టెంబరులో నా బల్ల ఖాళీ అయిపోయింది. మామూలుగా వందకు పది పలకలు మూడో చూపుకి వస్తాయి. ఆ నెల ఒకటో రెండో వచ్చాయి. ఎందుకు రావడం లేదో నాకు తెలుసు. తెలిసే కాళ్లు చాపుకుని రేడియో వినేదాన్ని. దాని మీద కూడా ఒక హాస్యం ఆడాను: "ఏరా తిండిపోతా, నా పలకలు కూడా తినేశావా?" అని. దానికీ ఆయన నవ్వాడు.

నెలాఖరున గోడకి ఒక పట్టిక అంటించారు. ఎవరి మాట ఫుసేని మాటతో ఎంత కలిసిందో శాతాల్లో రాశారు. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, తొంభై ఏడు, తొంభై తొమ్మిది. అట్టడుగున దెనెమాజి, అరవై ఒకటి. బంగారు దారం వాడు తన అంకె పక్కన నిలబడి ఫొటో దిగాడు.

"అక్టోబరు పదిహేనున దాతలొస్తున్నారు. అరవై ఒకటి వచ్చినవాళ్లకి పట్టా ఇస్తే నా మొహాన ఉమ్మేస్తారు. ఆ అమ్మాయి కన్ను ఈ పనికి కుదరలేదు, ఏం చేస్తాం" అన్నాడు ప్రొఫెసర్ అందరి ముందూ, జాలిపడుతున్నట్టు మొహం పెట్టి.

పట్టా లేకుండా తిరిగి వెళితే ఆ పిల్లకు అక్కడి ల్యాబులో ఉన్న చోటు కూడా పోతుంది. ఆ చోటు కోసం కాచుకుని కూర్చున్నవాళ్లు ఇద్దరున్నారని మా ఇంట్లో ఒకసారి చెప్పింది. ఆ రోజు ఏడవలేదు. మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్లాక నా బల్ల దగ్గరికి వచ్చి ఒక కాగితం పెట్టింది.

"నలభై మూడు పలకలు పిన్నీ. ఫుసేని లేదన్నాడు, నేను ఉందన్నాను. ఇవి మీ దగ్గరికి రావాలి కదా? నేర్చుకునేవాళ్ల పొరపాట్లని చెప్పి బీరువాలో పెట్టేశారు."

"అయితే?"

"మీరు చూడండి. నాకు కళ్లు లేవంటే లేవని మీరే రాయండి, నోరెత్తకుండా పోతా. ఫుసేని చెప్తే మాత్రం పోను."

బీరువా తాళం చెవి నా దగ్గరే ఉంది. మూడు రోజులు ఆ నలభై మూడూ చూశాను. పొరపాటు ఆ పిల్లదేనని తేలితే బాగుండునని మొదటి పలక పెట్టేటప్పుడు అనుకున్నాను, అబద్ధమెందుకు చెప్పాలి. డెబ్భై చోట్ల ఏమీ లేదు. డెబ్భై ఒకటో చోట కనిపించింది: సన్నటి నీలి ఉంగరం, అంచున ఎర్రటి చుక్క. ఇంకాస్త జరిపితే ఇంకొకటి. రెండు నిమిషాల్లో లేచిపోయేవాడికి జన్మలో కనపడదు. నలభై మూడింట్లో ముప్పై తొమ్మిదింట పురుగుంది. నాలుగింట్లో మాత్రం రంగు మరకల్ని చూసి ఆ పిల్ల పొరపాటు పడింది. అంటే ముప్పై తొమ్మిది మంది పిల్లల రక్తంలో ఉన్న జబ్బుని మా కాగితాలు లేదన్నాయి, వాళ్లకు మందు అందలేదు. ఆ కాగితాల మీద రేపు ఎవరో టీకా గొప్పదంటారు. ఆ నెల రోజులు నేను రేడియో విన్నాను. నా మీద నాకే రోత పుట్టింది.

మర్నాడు తిండి దగ్గర ప్రొఫెసర్‌కి చెప్పాను. షెడ్డు కింద పెద్ద గిన్నె చుట్టూ పదిమందిమి కూర్చున్నాం, అన్నమూ వేరుశెనగ పులుసూ. నాకు అలవాటైన గొంతుతోనే చెప్పాను.

"ఒరే అలసందల తిండిపోతా, నీ మేనల్లుడు గుడ్డోడు, నువ్వు గజదొంగవి. ముప్పై తొమ్మిది పలకలు మింగేశారు కదరా ఇద్దరూ కలిసి."

ఆయనకు నవ్వుతో పొలమారింది. పక్కవాడు వీపు మీద చరిచాడు. తేరుకుని, గిన్నెలో తన వైపున్న మాంసం ముక్కను నా వైపుకి తోశాడు.

"తినవే దియారా. నోరు కాసేపు మూతపడుద్ది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముక్క తిన్నాను, మెత్తగా ఉడికింది.

ఇంటికి వచ్చేసరికి దెనెమాజి పెరట్లో బట్టలు పిండుతోంది.

"చెప్పారా పిన్నీ?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"నవ్వాడు."

"మరి మీరు?"

మాంసం ముక్క తిన్నానని ఎలా చెప్పను? కొంగు సర్దుకున్నాను. ఆ పిల్ల పిండిన లంగా దులిపి తీగ మీద వేసింది.

"అయితే మీరు చెప్పలేదు పిన్నీ" అంది, నావైపు చూడకుండానే.

నాలుగు రోజులు ఆ పిల్లను మనసులో బండబూతులు తిట్టుకున్నాను. నిన్న వచ్చిన పిల్ల, మా ఆచారాల గురించి దానికేం తెలుసనుకున్నాను. ఐదో రోజుకి తిట్లు అయిపోయాయి, ఆ మాట మాత్రం మిగిలింది. కొట్టుకు చావకుండా, ఒకరి మీద ఒకరికి విషం పెరగకుండా పెద్దవాళ్లు పెట్టిన ఏర్పాటు ఇది. దీన్ని నేను నా పిరికితనానికి ముసుగు చేసుకున్నాను. ఆయన మరీ ఘటికుడు. నా చేత రోజుకోసారి నిజం చెప్పించుకుని, దాన్ని నవ్వులో కలిపేసుకుని హాయిగా పడుకున్నాడు. ఇంకెవరైనా అదే మాటంటే, పాపం దియారా ఎప్పుడూ అనేదే కదా అని కొట్టిపారేయొచ్చు కూడా.

నూహుమ్‌కి చెప్పాను, నవ్వకుండా చెప్పబోతున్నానని. ఆయన చెప్పు తెగిన చోట గోకాడు.

"కారు తాళం నా చేతిలోంచి పోద్ది" అన్నాడు.

"పోద్ది."

"తెలిసే చెప్తున్నావన్నమాట" అని లేచి వెళ్లిపోయాడు.

పదిహేనో తారీఖున దాతలు ముగ్గురొచ్చారు. ఒక తెల్లాయన, ఒక దక్షిణాఫ్రికా ఆవిడ, డాకర్ నుంచి ఒక ముసలి డాక్టరు. ముసలాయన తప్ప మిగతా ఇద్దరూ ముందురోజు బజార్లో కొన్న మట్టిరంగు అద్దకపు చొక్కాలు వేసుకున్నారు, వాటి మడతల గీతలు కూడా ఇంకా పోలేదు. ప్రొఫెసర్ తెర మీద బొమ్మలు వేసి గంటన్నర మాట్లాడాడు. నవ్వే పిల్లలు, మైక్రోస్కోపు ముందు బంగారు దారం వాడు, ఆ తర్వాత తొంభై ఎనిమిది శాతం ఏకాభిప్రాయం. దాతలు రాసుకున్నారు. శిక్షణ పూర్తిచేయలేకపోయినవారు ఒకరు అని తెర మీద ఒక మూల పడింది. దెనెమాజి వెనక వరసలో, సర్దిన సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు మధ్యాహ్నం బస్సుకే ఆమెకు టికెట్టు తీశారు.

చివర్లో ఆయనకు హుషారు పుట్టింది.

"మా దేశంలో పని ఎంత ఆప్యాయంగా చేస్తామో చూపిస్తాను. ఈమె మా ల్యాబులో అందరికంటే పాత మనిషి, నా బానిస. ఈమె నన్నేమన్నా నేను పడాల్సిందే, అది మా సంస్కృతి. లేవే సుంకురా. తిట్టు నన్ను."

లేచి నిలబడ్డాను. అప్పటికే మావాళ్లు కిసుక్కుమంటున్నారు.

"ప్రొఫెసర్ ట్రావొరే గారూ" అన్నాను, దాతలకూ తెలిసేలా ఫ్రెంచిలో.

ఆయన ఇదేదో కొత్త ఎత్తు అనుకుని మరీ నవ్వాడు.

"బీరువాలో పెట్టించిన నలభై మూడు పలకలూ నేను చూశానండి. ముప్పై తొమ్మిదింటిలో పురుగుంది. ఫుసేని లేదని రాశాడు, దెనెమాజి ఉందని రాసింది. నాలుగింటిలో దెనెమాజిది పొరపాటు. ఆగస్టు నుంచి రెండో చూపు అన్నది జరగలేదండి, మొదటి కాగితం చూసి దించుకున్నారు. నాకు అప్పుడే తెలుసు, తెలిసీ ఊరుకున్నాను. పలకల నంబర్లు ఇందులో ఉన్నాయండి."

మావాళ్ల నవ్వు వరసగా ఆగిపోయింది. దియారా నోట ట్రావొరేకి 'గారు' రావడం, 'అండి' రావడం వాళ్లెవరూ పుట్టి బుద్ధెరిగాక విని ఎరగరు. దాతలు మాత్రం ఇదంతా వేళాకోళానికి ముందుమాట అనుకుని, తిట్టు ఇంకా రాలేదేమని చిరునవ్వుతో చూస్తున్నారు. ప్రొఫెసర్ నా దగ్గరికి వచ్చాడు. ఫ్రెంచి వదిలేసి మా మాటలోకి దిగాడు.

"సుంకురా, అలసందలని ఒక్క మాటను."

"అననండి."

"ఒక్కటే మాట. అందరూ నవ్వేస్తారు. తర్వాత నువ్వు చెప్పినట్టే చేద్దాం, ఆ పిల్లకి పట్టా కూడా ఇద్దాం. అనవే."

ఆయన నుదుట చెమట పట్టింది. అంత పెద్ద మనిషి తిట్టమని నన్ను బతిమాలుతున్నాడు. మాట నా నాలుక మీదే ఉంది. అంటే అందరం బతికిపోతాం, నూహుమ్ తాళం చెవి, నా బల్ల, పిల్ల పట్టా. పళ్లు బిగించుకుని కాగితం చాచాను.

"ఏమంటున్నారు?" అని దక్షిణాఫ్రికా ఆవిడ అడిగింది. ఈ నాలుగు నెలల్లో మా ఇంట్లో మా మాట నేర్చుకున్న దెనెమాజి వెనక వరసలోంచి ఫ్రెంచిలో చెప్పింది.

"తనని తిట్టమని అడుగుతున్నారు. ఆవిడ తిట్టనంటున్నారు."

ఆ ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు. డాకర్ ముసలాయన మాత్రం కళ్లద్దాలు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన దేశంలోనూ ఈ చుట్టరికం ఉంది, తిట్టు మానేస్తే అది వేళాకోళం కాదని ఆయనకు తెలుసు. లేచి వచ్చి, నా చేతిలోని కాగితం తీసుకుని, పలకల పెట్టెలు ఎక్కడున్నాయని అడిగాడు.

ఆ సీజను పలకలన్నీ మొదటినుంచీ మళ్లీ చూడాల్సి వచ్చింది, సగం డాకర్‌లో, సగం మా దగ్గర. అప్పుడు తేలినవాళ్లకు ఊళ్లకు వెళ్లి మందిచ్చి వచ్చారు. దెనెమాజి బస్సెక్కలేదు. పట్టా ఇచ్చారు, పైగా డిసెంబరు దాకా ఉండి రెండో చూపు చూడమన్నారు. ఇప్పటికీ పలకకు పావుగంటే. బంగారు దారం వాడికీ పట్టా ఇచ్చారు, ఫొటోలు అప్పటికే పత్రికకు వెళ్లాయట. ఫుసేనిని స్టోర్‌రూముకు మార్చారు, అక్కడ ఫోను బాగా పనిచేస్తుందట. ప్రొఫెసర్ కుర్చీ కదల్లేదు, అలాంటివాళ్ల కుర్చీలు కదలవు. నూహుమ్ ఇప్పుడు ఊళ్ల నుంచి పలకలు తెచ్చే పాత వ్యాను నడుపుతున్నాడు. బురద కొట్టుకుపోయి ఇంటికొస్తాడు, ఉప్పు తక్కువైందంటే తప్ప నాతో మాట్లాడడు.

నవంబరులో మా తమ్ముడు లసినేకి కొడుకు పుట్టాడు. ఎనిమిదో రోజు పొద్దున పేరు పెట్టే వేడుక. దియారాల ఇంట పేరు పెట్టే రోజున ట్రావొరేలు వచ్చి నానా అల్లరీ చేస్తారు. ప్రొఫెసర్ జుమానా అయితే ఏటా ఎవరో ఒకరి బిడ్డను ఎత్తుకుని, నాకు ఇంకో బానిస పుట్టాడని అరుస్తూ వీధి చివరిదాకా పోయేవాడు. గిన్నెడు అలసందలు ఇస్తేగాని బిడ్డను వెనక్కిచ్చేవాడు కాదు. మా మరదలు ముందురోజే గిన్నె నిండా ఉడకబెట్టి పెట్టింది.

ఆయన వచ్చాడు. తెల్లటి పొడవాటి బూబూ అంగీ వేసుకుని, చెప్పులు గడప బయట విడిచి, చూపించిన చాప మీద కూర్చున్నాడు. శుభకార్యాలకు ఇచ్చే కోలా గింజల్ని రెండు చేతులతో ఇచ్చాడు.

"దేవుడు బిడ్డకు నిండు ఆయుష్షు ఇవ్వాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి" అని, నావైపు తిరిగి, "మీకు నా శుభాకాంక్షలు మేడమ్ దియారా" అన్నాడు.

నాకు ఉండబట్టలేదు.

"ఏరా అలసందల తిండిపోతా, బిడ్డను ఎత్తుకోవేంరా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన మర్యాదగా తల వంచాడు. "క్షమించండి మేడమ్, ఆఫీసులో పనుంది" అని లేచి, పెద్దలకందరికీ పేరుపేరునా చెప్పి వెళ్లిపోయాడు. కొత్త డ్రైవరు కారు తలుపు తీశాడు. మరదలు అలసందల గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన నీచుడని నాకు తెలుసు, ఇప్పుడైనా అంటాను. అయినా ఆ కారు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి చూశాను.

లసినే బిడ్డను భుజాన వేసుకుని నా పక్కకి వచ్చాడు.

"ఏం చేశావక్కా ఆయన్ని?"

"నిజం చెప్పాను."

"నువ్వు ఎప్పుడూ చెప్పేదే కదా."

"లేదురా" అన్నాను. "ఎప్పుడూ చెప్పలేదు."